కిడ్నీలో రాయికి ఏ ఆపరేషన్? శ్రీకాకుళం నుంచి విశాఖకి ఎన్ని ట్రిప్పులో కూడా లెక్కేసుకోండి

మొన్న వేసవిలో ఒక రాత్రి రెండింటికి మా బావ నుంచి ఫోన్. కాశీబుగ్గలో జీడి పిక్కలు కాల్చే బట్టీ దగ్గర పని ఆయనది. వేడికీ పొగకీ అలవాటు పడిన గట్టి మనిషి, అలాంటివాడికి మాట పూర్తిగా రావట్లేదు. "నడుం పక్కనించి గజ్జల్లోకి ఏటో పొడిచేత్తంది రా, కూకోలేకపోతన్నాను, తొంగోలేకపోతన్నాను" అన్నాడు. 2016లో నాకూ అచ్చం ఇలాగే వచ్చింది కాబట్టి చూడకుండానే చెప్పేశాను, అది రాయి బావా అని.

తెల్లారి స్కానింగ్‌లో రాయే అని తేలింది, అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. వారం తిరిగేసరికి మూడు చోట్ల చూపించాం, మూడు మాటలు విన్నాం. ఒకరు బయటనుంచి షాక్ పెడితే పొడైపోతుందన్నారు, ఒకరు లేజర్ అన్నారు, మూడో ఆయన వీపు దగ్గర చిన్న బెజ్జం పెట్టి తీసేస్తానన్నారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, మూడూ నిజమైన పద్ధతులే. కాకపోతే ఏ రాయికి ఏది అన్నది కూర్చోబెట్టి చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేదు, ఓపీలో మన వెనక నలభై మంది ఉంటారు మరి.

నేను డాక్టర్ని కాదు. టెక్కలిలో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. మా వైపు కిడ్నీ రిపోర్టులు కాపీ తీయించుకోని ఇల్లు తక్కువ, ఆ కాగితాలు చూసీ చూసీ కొంత, నా రాయి, మా చిన్నాన్న రాయి, ఇప్పుడు బావ రాయి, ఈ మూడింటి వెనక తిరిగి తిరిగి కొంత నేర్చుకున్నాను. అందరూ అడిగే మొదటి ప్రశ్న "కోత ఉంటుందా?" అని. నన్నడిగితే అది తప్పు ప్రశ్న. కోత లేనిది నాలుగుసార్లు విశాఖ తిప్పొచ్చు, చిన్న కోత ఉన్నది ఒక్కసారికి తేల్చేయొచ్చు. ఇచ్ఛాపురం నుంచో పాలకొండ నుంచో వెళ్లేవాడికి ఆ తేడా అంటే కూలి పోవడం, తోడు వచ్చినవాడి కూలి కూడా పోవడం, బస్సు ఛార్జీలు, బయట తిండి. కాబట్టి ఏ పద్ధతి చెప్పినా "ఇది పూర్తిగా ముగియడానికి నేను మొత్తం ఎన్నిసార్లు రావాలి, రెండో ఆపరేషన్ పడే అవకాశం ఎంత?" అని అడగండి. కింద రాసేదంతా ఆ లెక్కలోనే.

ముందు ఉద్దానం భయం సంగతి

సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎవరికి నడుం నొప్పి వచ్చినా ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఆ భయం ఊరికే రాలేదు, ఊళ్లకి ఊళ్లు చూశాయి. కానీ కిడ్నీలు మెల్లగా పాడైపోయే ఆ ఉద్దానం జబ్బు, ఈ రాయి రెండూ వేరు వేరు. ఉద్దానం జబ్బు చాలావరకు నొప్పి లేకుండానే ముదురుతుంది, కాళ్లు వాచి, ఆకలి పోయి, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పేరుకునే మలినం) పెరిగి బయటపడుతుంది. రాయి దానికి ఎదురు, రాత్రికి రాత్రి మనిషిని నేల మీద దొర్లిస్తుంది. ఒకదానికి నెఫ్రాలజిస్టు దగ్గరికి వెళ్లాలి, రెండోదానికి యూరాలజిస్టు దగ్గరికి. ఇద్దరూ "కిడ్నీ డాక్టర్లే" అయ్యేసరికి మనవాళ్లు ఒకరికి బదులు ఇంకొకరి దగ్గర లైన్లో నిలబడి పొద్దంతా పోగొట్టుకుంటారు.

అయినా ఉద్దానం మనిషికి రాయి వస్తే మాత్రం ముందు క్రియాటినిన్ చూపించుకోవాల్సిందే, ఇక్కడ నేను వాదన వినను. కారణం నొప్పి ఇంజెక్షన్. రాయి నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి బాగా పనిచేస్తాయి, కిడ్నీ మంచిగా ఉన్నవాడికి ఒకటి రెండు రోజులు వాడితే సాధారణంగా పర్వాలేదు. అప్పటికే కిడ్నీ దెబ్బతిన్నవాడికి అవే మందులు ఇంకా దెబ్బతీస్తాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునే ముందు "నాకు క్రియాటినిన్ ఎక్కువుంది" అని నోరు తెరిచి చెప్పండి, లేదా ఎంతుందో తెలీదని చెప్పండి.

ఇంకో సంగతి, కొబ్బరి నీళ్లు. మన దగ్గర కొబ్బరికి కొదవ లేదు, రాయి అనగానే రోజుకి నాలుగు బొండాలు దింపేస్తారు. కిడ్నీ బాగున్నవాడికి మంచివే. క్రియాటినిన్ పెరిగినవాడికి అందులోని పొటాషియం బయటికి పోక ఒంట్లో నిలిచిపోయి గుండె లయ మీదకి రావచ్చు. రాయి రాకుండా ఇచ్చే పొటాషియం సిట్రేట్ మందుకీ ఇదే జాగ్రత్త.

రిపోర్టులో ఏం చూడాలి

రాయి అని వినగానే అడిగేది "సైజెంత?" ఒక్కటే. అది అవసరమే కానీ చాలదు. రాయి ఎక్కడుంది, ఎంత గట్టిది, కిడ్నీ వాచిందా లేదా, ఈ మూడూ కావాలి. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ వాపు బాగానే కనిపిస్తుంది కానీ మూత్రనాళం, అంటే కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే గొట్టం, మధ్యలో చిక్కిన రాయి చాలాసార్లు దొరకదు, సైజు కూడా కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఆపరేషన్ మాట వచ్చిందంటే ఇంజెక్షన్ లేకుండా తీసే సీటీ స్కాన్ ఒకటి అవసరం. మా బావ సీటీ రిపోర్టు నా షాపు గాజు మీద పెట్టి కాపీ తీస్తూ చదివాను. ఎడమ మూత్రనాళం కింది భాగంలో 6 మిల్లీమీటర్లు. అదే కిడ్నీ కింది అరలో ఇంకోటి, 14 మిల్లీమీటర్లు, 1240 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు. ఈ చివరి అంకెని ఎవరూ పట్టించుకోరు, కానీ అది రాయి గట్టిదనం. సుమారు వెయ్యి దాటిందంటే బయటి షాక్‌కి పగలడం కష్టం. అదే అంకె ఐదొందల లోపుంటే అది యూరిక్ యాసిడ్ రాయి అయ్యుండొచ్చు, అలాంటిది ఎక్స్‌రేలో కనిపించదు, మూత్రం పులుపు తగ్గించే మందులతో నెలల్లో కరిగే అవకాశం ఉంది. నిజంగా మందుకి కరిగే రాయి ఏదైనా ఉందంటే ముఖ్యంగా అదే. మనలో ఎక్కువమందికి వచ్చే కాల్షియం ఆక్సలేట్ రాయి కొండపిండి ఆకుకీ, అరటి దూట రసానికీ, ఉలవకట్టుకీ కరగదు. ఇవి తాగితే తప్పని నేననను, తాగినవాళ్లకి రాయి పడిపోయిందంటే చాలాసార్లు అది ఎలాగూ పడిపోయే సైజే. బీరు సంగతి అడగొద్దు, అది సాకు.

ఆగి చూద్దామా?

చిన్న రాయి మూత్రనాళంలో ఉంటే, జ్వరం లేకపోతే, నొప్పి మందుకి లొంగుతుంటే, ఆగడం కూడా ఒక వైద్యమే. 5 మిల్లీమీటర్ల లోపువి వందకి 68 వరకు, 5 నుంచి 10 మధ్యవి దాదాపు సగం వాటంతటవే పడిపోతాయని అమెరికా, యూరప్ యూరాలజీ సంఘాలు 2007లో కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. నాలుగు వారాలు, మహా అయితే ఆరు, అంతకు మించి ఆగొద్దు, నొప్పి పోయినా సరే. నొప్పి పోయింది కాబట్టి రాయి పోయిందనుకుంటే పొరపాటు, గొట్టం పూర్తిగా మూసుకుపోయి కిడ్నీ మెల్లగా చచ్చిపోతున్నప్పుడు కూడా నొప్పి ఉండకపోవచ్చు. కాబట్టి పడిన రాయిని కళ్లతో చూడాలి, లేదా మళ్లీ స్కాన్ తీయించాలి.

ఈ నాలుగు వారాలకి టామ్సులోసిన్ మాత్ర రాస్తారు, రాయిని జార్చడానికి. దీని మీద పరిశోధన కథ ఆసక్తిగా ఉంటుంది. బ్రిటన్‌లో 1,100 మందికి పైగా రోగులతో చేసిన సస్పెండ్ అనే ట్రయల్ 2015లో వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్లలో 81 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 80 శాతం మందికి నాలుగు వారాల్లో వేరే చికిత్స అవసరం పడలేదు. అంటే తేడా లేదు. తర్వాత చైనాలో మూడు వేల మందికి పైగా మీద చేసినదాంట్లో మాత్రం, గొట్టం కింది భాగంలో ఉన్న 5 మిల్లీమీటర్లు దాటిన రాళ్లకి ఉపయోగం కనిపించింది. అందుకే ఇప్పటికీ అలాంటివాళ్లకి రాస్తారు, 3 మిల్లీమీటర్ల వాడికి రాసినా పెద్దగా ఒరిగేదేం లేదు. వేసుకుంటే లేచి నిలబడ్డప్పుడు కళ్లు తిరగొచ్చు, బండి నడిపేవాళ్లు చూసుకోండి.

మా బావ 6 మిల్లీమీటర్లది మూడో వారంలో పడిపోయింది. మా అక్క పాత టీ జల్లెడ ఒకటి ఇచ్చి దాంట్లోనే పోసుకోమంది, ఆయన తిట్టుకుంటూనే చేశాడు. ఒక పొద్దున టక్కుమని చప్పుడైంది. పెసర గింజంత, గోధుమ రంగు, పైన ముళ్లు ముళ్లుగా. ఇంత దానికా అన్ని కేకలు పెట్టాను అని దాన్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించి చూసుకున్నాడు. ఇంక కింది అరలో 14 మిల్లీమీటర్లది మిగిలింది.

ఆగకూడని సందర్భం ఒకటుంది, అది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. రాయి ఉండి చలి జ్వరం వచ్చిందంటే, లేదా మూత్రమే రావట్లేదంటే, లేదా ఉన్నదే ఒక్క కిడ్నీ అయితే, ఆ రాత్రే బయల్దేరాలి. అడ్డం పడ్డ రాయి వెనక చీము పట్టి మనిషి ప్రాణం మీదకి వస్తుంది. అప్పుడు రాయి తీయరు, ముందు స్టెంటో (మూత్రనాళం లోపల పెట్టే సన్న గొట్టం) వీపు నుంచి గొట్టమో పెట్టి మూత్రం బయటికి వదిలి, జ్వరం తగ్గాక రాయి సంగతి చూస్తారు. "రాయి తీయకుండా పంపేశారు" అని గొడవ పడేవాళ్లని చూశాను. వాళ్లు చేసిందే సరైన పని.

ఇక పద్ధతులు

షాక్ పద్ధతి, లిథోట్రిప్సీ అంటారు. బల్ల మీద పడుకోబెట్టి బయటనుంచి ధ్వని తరంగాలు రాయి మీదకి గురిపెట్టి కొడతారు, అది ముక్కలై మూత్రంలో పోవాలి. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటి మనిషికి చేశారు, యంత్రం తయారుచేసింది డోర్నియర్ అనే విమానాల కంపెనీ. ఆ దెబ్బల లెక్కలు విమానాల మీద చేసిన పరిశోధనలోంచే వచ్చాయి, అదో వింత. కోత లేదు, చాలామందికి పూర్తి మత్తు అక్కర్లేదు, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు. రాయి 1 సెంటీమీటరు లోపుండి, మరీ గట్టిది కాకుండా, కిడ్నీ పై అరలోనో మధ్యలోనో ఉంటే, మనిషి మరీ లావు కాకపోతే, మంచి ఎంపిక. గర్భిణులకి చేయరు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకి అవి ఆపకుండా చేయరు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే ముందు అది తగ్గాలి.

దీని లోపం ఒక్కటే, ఒక్కసారికి అవుతుందన్న హామీ లేదు. మా బావకి జరిగింది అదే. ఒక చోట యంత్రం ఉంది కాబట్టి షాకే చెప్పారు, 1240 గట్టిదనం, అదీ కింది అర. పగిలినా ముక్కలు పైకెక్కి బయటికి రావాలి, బావి అడుగున రాళ్లు పడ్డట్టు అన్నమాట. రెండు సిట్టింగులు, నాలుగు సార్లు రైలు, డబ్బు కట్టి రసీదులు తెచ్చుకోవడమే, స్కాన్‌లో రాయి అలాగే కూర్చుని ఉంది. మూడో సిట్టింగ్ అన్నారు, అక్కడ ఆపాం. యంత్రం మీద నాకేం కోపం లేదు, రాయికి తగ్గ పద్ధతి కాక, దగ్గరున్న పద్ధతికి రాయిని తెచ్చారు.

రెండోది యూఆర్‌ఎస్, మూత్రం వచ్చే దారిలోంచే సన్న గొట్టం కెమెరా పంపి, మూత్రనాళంలో చిక్కిన రాయిని లేజర్‌తో పొడిచేసి తీస్తారు. నడుం దగ్గర మత్తు సూది లేదా పూర్తి మత్తు. 2016లో నాకు చేసింది ఇదే, 8 మిల్లీమీటర్లకి. గొట్టంలో రాయికి షాకా, యూఆర్‌ఎస్సా అన్న ప్రశ్నకి బ్రిటన్‌లోనే టిసు అనే ట్రయల్ చేశారు. ముందు షాక్ ఇచ్చినవాళ్లలో 22 శాతం మందికి, ముందు యూఆర్‌ఎస్ చేసినవాళ్లలో 10 శాతం మందికి మళ్లీ ఏదో ఒక చికిత్స అవసరమైంది. ఈ అంకెల్ని రెండు రకాలుగా చదవొచ్చు. షాక్‌తో వందలో 78 మంది ఆపరేషన్ లేకుండా బయటపడ్డారు, అది చిన్న సంగతి కాదు. విశాఖలో ఉండేవాడినైతే నేను ముందు షాకే అడుగుతాను. మందస నుంచి వెళ్లేవాడినైతే యూఆర్‌ఎస్ అడుగుతాను.

నా ఆపరేషన్‌లో ఒక పొరపాటు జరిగింది. అప్పుడే కిడ్నీలో 4 మిల్లీమీటర్లది ఇంకోటి ఉంది, నొప్పి లేదు కదా దాన్నెందుకు కదపడం అని వదిలేశారు. అప్పటికి అందరూ అలాగే చేసేవారు, కాబట్టి డాక్టర్‌ని తప్పు పట్టను. 2021లో అదే కిందకి దిగి నన్ను మళ్లీ మంచమెక్కించింది. మరుసటి ఏడాది, 2022లో, అమెరికాలో 73 మంది మీద చేసిన ట్రయల్ ఫలితం వచ్చింది. పెద్ద రాయి తీసేటప్పుడే ఆ చిన్నవీ తీసేసినవాళ్లలో 16 శాతం మందికి, వదిలేసినవాళ్లలో 63 శాతం మందికి తర్వాత రాయి బెడద తిరిగొచ్చింది. అదనంగా పట్టే సమయం సుమారు పాతిక నిమిషాలు. చిన్న ట్రయలే, అయినా తేడా చాలా ఎక్కువ. మత్తులోకి వెళ్లే ముందే "మిగతా చిన్నవి కూడా తీస్తారా?" అని అడగడం మర్చిపోవద్దు.

మూడోది ఆర్‌ఐఆర్‌ఎస్. అదే దారి, కానీ వంగే కెమెరా, కిడ్నీ అరల్లోకి తిరిగి లేజర్‌తో రాయిని పిండి చేస్తుంది. 2 సెంటీమీటర్ల లోపు రాళ్లకి బాగుంటుంది, రక్తం పోవడం చాలా తక్కువ, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. జనం "లేజర్" అంటే ఇదే అనుకుంటారు. దీని గురించి చెప్పేటప్పుడు ఆసుపత్రులు ఒక మాట చిన్నగా అంటాయి, గొట్టం ఇరుకుగా ఉంటే కెమెరా పోదు, అప్పుడు స్టెంట్ పెట్టి రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మంటారు. అంటే ఒక ఆపరేషన్ అనుకున్నది రెండవుతుంది, స్టెంట్ తీయడానికి మూడోసారి. వయసు చిన్నవాళ్లకి, ఎప్పుడూ స్టెంట్ పడనివాళ్లకి ఇది ఎదురయ్యే అవకాశం ఉంది, ముందే అడిగి పెట్టుకోండి.

నాలుగోది పీసీఎన్‌ఎల్, అదే వీపు దగ్గర బెజ్జం. సెంటీమీటరు పాటి దారి పెట్టి నేరుగా కిడ్నీలోకి వెళ్లి రాయిని పగలగొట్టి ముక్కలు బయటికి లాగేస్తారు. ఇప్పుడు ఇంకా సన్న దారితో మినీ పీసీఎన్‌ఎల్ చేస్తున్నారు. పేరు వింటే మనవాళ్లు దడుచుకుంటారు, పాతకాలం ఆపరేషన్ అనుకుంటారు. స్వీడన్‌లో 1976లో మొదలైంది, అంటే షాక్ కన్నా నాలుగేళ్లే పెద్దది. 2 సెంటీమీటర్లు దాటిన రాయికి, కిడ్నీ అరలన్నిట్లో కొమ్ములు చాచిన రాయికి యూరప్ మార్గదర్శకాల ప్రకారం మొదటి ఎంపిక ఇదే. ఒక్కసారికి ఖాళీ చేయడంలో మిగతావేవీ దీనికి సాటిరావు. దానికి మూల్యం ఉంది, రక్తం పోవచ్చు, కొద్దిమందికి రక్తం ఎక్కించాల్సి రావచ్చు, రెండు మూడు రోజులు మంచం మీద, ఒక్కోసారి వీపుకి గొట్టం. మా చిన్నాన్నకి 26 మిల్లీమీటర్లది ఇలాగే తీశారు, ఆపరేషన్ చక్కగా అయింది, ఆయన కథలో తప్పు వేరే చోట జరిగింది.

బావ 14 మిల్లీమీటర్లకి చివరికి మినీ పీసీఎన్‌ఎల్, ఆర్‌ఐఆర్‌ఎస్ రెండూ కుదురుతాయన్నారు. మొదటిదానికి ఒక్కసారికే అయ్యే అవకాశం ఎక్కువ, రెండోదానికి తొందరగా బట్టీకి వెళ్లొచ్చు. మా అక్క రక్తం మాట వినగానే వద్దంది. ఆర్‌ఐఆర్‌ఎస్ చేయించాం, అదృష్టం కొద్దీ కెమెరా మొదటిసారే వెళ్లింది. నా రాయి అయ్యుంటే మినీకే వెళ్లేవాణ్ణి, ఇది నా ఇష్టం మాత్రమే.

స్టెంట్ అనే మర్చిపోయే చుట్టం

ఈ మూడు ఆపరేషన్లలో ఏది చేసినా చాలాసార్లు లోపల డీజే స్టెంట్ పెడతారు. రెండు చివరలా కొక్కెంలా వంగిన మెత్తని సన్న గొట్టం, ఒక కొస కిడ్నీలో, ఒక కొస మూత్రాశయంలో. అది ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ మూత్రం, మూత్రం పోసేటప్పుడు నడుంలో లాగడం, పని ఎక్కువ చేస్తే ఎర్రగా రావడం, ఇవి మామూలే. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తీసేయాలి, తీయడం అయిదు నిమిషాల పని, జెల్ రాసి కెమెరాతో లాగేస్తారు.

మా చిన్నాన్నకి లోపల గొట్టం ఉందని ఎవరూ ఆయనకి అర్థమయ్యేట్టు చెప్పలేదు. డిశ్చార్జ్ కాగితంలో ఇంగ్లీషులో ఒక వరుస ఉంది, ఆ కాగితం ఇనప్పెట్టెలో ఉంది. పదకొండు నెలల తర్వాత మూత్రంలో రక్తం వచ్చి ఎక్స్‌రే తీస్తే, గొట్టం రెండు కొసలకీ సున్నం పట్టి రాళ్లు కట్టేసింది. ఐదు నిమిషాల్లో అయ్యే పనికి రెండు ఆపరేషన్లు పడ్డాయి. ఆసుపత్రి పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడు ఏం లాభం. అప్పటినుంచి మా షాపుకి డిశ్చార్జ్ కాగితం జిరాక్స్‌కి వస్తే నేను ముందు "స్టెంట్" అన్న మాట కోసం చూస్తాను, ఉంటే పెన్ను తీసి దాని కింద గీత గీసి ఇస్తాను. వాళ్లు అడక్కపోయినా సరే.

ఒక చిట్కా, స్టెంట్ తీయించుకోవడానికి విశాఖే వెళ్లక్కర్లేదు. శ్రీకాకుళంలో యూరాలజిస్టు ఎవరైనా తీయగలరు, ఆపరేషన్ చేసిన డాక్టర్‌నే అడిగి కాగితం రాయించుకోండి, ఒక ట్రిప్పు మిగులుతుంది.

ఎక్కడ చేయించుకోవాలి, డబ్బు

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి. శ్రీకాకుళంలో రిమ్స్ అని మనం పిలిచే సర్వజన ఆసుపత్రి ఉంది, విజయనగరంలో కూడా 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, విశాఖలో కేజీహెచ్ సరేసరి. వెళ్లే ముందు యూరాలజీ డాక్టర్ ఏ రోజు ఓపీలో ఉంటారు, నా రాయికి కావలసిన పరికరం ఇక్కడ ఉందా అని మాత్రం కనుక్కోండి. ప్రైవేటులో చేయించుకునేవాళ్లు ప్యాకేజీ కాగితం మీద రాయించుకోండి, అందులో మత్తు డాక్టర్, లేజర్, స్టెంట్, స్టెంట్ తీసే ఖర్చు, ఒకవేళ రెండోసారి పడితే దాని ఖర్చు ఉన్నాయా అని చూడండి. నా అనుభవంలో గొడవలన్నీ చివరి రెండింటి దగ్గరే. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం, రాళ్ల ఆపరేషన్లకి వర్తిస్తుంది, కానీ ఏ ఆసుపత్రిలో ఏ పద్ధతికి అన్నది కౌంటర్ దగ్గర ఆరోగ్యమిత్రని అడిగి తేల్చుకున్నాకే చేరండి. ఇంకో మాట, ఆపరేషన్‌కి ముందు మూత్రం కల్చర్ పరీక్ష చేయించకుండా బల్ల ఎక్కొద్దు, లోపల సూక్ష్మజీవులుంటే ఆపరేషన్ తర్వాత వచ్చే జ్వరం మామూలుగా ఉండదు.

ట్రయల్‌లో చేరమంటే?

మన జిల్లాలో రక్తం, మూత్రం, నీళ్ల శాంపిళ్లు ఇవ్వని ఊరు లేదేమో అనిపిస్తుంది, "మా మీద ప్రయోగాలు" అని కోపంగా అనేవాళ్లూ ఉన్నారు, ఆ కోపం నాకు అర్థమవుతుంది. పెద్ద ఆసుపత్రుల్లో ఆపరేషన్ పద్ధతుల మీద కూడా పరిశోధన జరుగుతుంది, మిమ్మల్ని అడగొచ్చు. ఆర్‌ఐఆర్‌ఎస్సా, మినీ పీసీఎన్‌ఎల్లా అన్నది చీటీ తీసినట్టు నిర్ణయిస్తారు, దాన్నే రాండమైజేషన్ అంటారు. రెండూ ఇప్పటికే వాడుకలో ఉన్న పద్ధతులై, మీ రాయికి రెండూ తగినవైతే, చేరడంలో నాకు తప్పు కనిపించదు, పైగా అలాంటివాటిలో తర్వాతి స్కాన్లు శ్రద్ధగా చూస్తారు. కొత్త మందు, కొత్త పరికరం అయితే ఇంకాస్త ఆలోచించండి.

మన దేశంలో మందుల ట్రయల్ ఏదైనా సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ జాబితాలో నమోదు కావాలి, 2009 నుంచి ఇది తప్పనిసరి, ఆ నెంబర్ అడిగితే ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు, మా షాపులో నేనే రెండుసార్లు చూసిపెట్టాను. సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వమనండి, ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటాననండి. మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, మానేస్తే వైద్యం ఆపకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలని, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నిబంధనల్లో ఉంది. వేలిముద్ర వేయమని తొందరపెట్టే చోట వేయకండి.

తీసేశాక

తీసిన రాయిని చిన్న సీసాలో వేసి ఇస్తారు, మనవాళ్లు దాన్ని పక్కింటివాళ్లకి చూపించి అలమరలో పెడతారు. దాన్ని పరీక్షకి పంపండి, ఏ రకం రాయో తెలిస్తేనే మళ్లీ రాకుండా ఏం చేయాలో తెలుస్తుంది. పాలు, పెరుగు మానేయమని చెప్పేవాళ్లని నమ్మొద్దు. కాల్షియం తగ్గించి తిన్నవాళ్ల కన్నా, మామూలుగా తింటూ ఉప్పు, మాంసం తగ్గించినవాళ్లకి రాళ్లు తక్కువ వచ్చాయని ఇటలీలో చేసిన పరిశోధన 2002లో తేల్చింది. మనకి కష్టం ఉప్పు దగ్గరే, ఎండుచేపలు, ఆవకాయ, పొద్దున్నే చద్దన్నంలో మళ్లీ ఉప్పు. గోంగూర, పాలకూర పూర్తిగా మానక్కర్లేదు, రోజూ వద్దు.

నీళ్ల సంగతి అందరికీ తెలుసు కానీ లెక్క తెలీదు. తాగేది కాదు, పోసేది కొలవాలి, రోజుకి కనీసం రెండు లీటర్లు. అదే ఇటలీ బృందం 199 మందిని ఐదేళ్లు చూసింది. అంత మూత్రం వచ్చేలా తాగినవాళ్లలో 12 శాతం మందికి, మామూలుగా ఉన్నవాళ్లలో 27 శాతం మందికి రాయి తిరిగొచ్చింది. బట్టీ దగ్గర, గ్రానైట్ క్వారీలో పనిచేసేవాళ్లకి సగం నీళ్లు చెమటలోనే పోతాయి కాబట్టి రెండు లీటర్ల మూత్రం రావాలంటే నాలుగు లీటర్లు తాగినా చాలకపోవచ్చు. క్రియాటినిన్ పెరిగినవాళ్లు, కాళ్ల వాపు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టర్‌నే అడగాలి.

మా బావ స్టెంట్ పదిహేనో రోజున శ్రీకాకుళంలోనే తీయించాం. మూడు నెలలకి స్కాన్ చేయించమన్నారు, ఆ తేదీ చుట్టూ మా అక్క గోడ మీద క్యాలెండర్‌లో స్కెచ్ పెన్నుతో గుండ్రం చుట్టింది. వచ్చే నెల పన్నెండు.